ఎడమ పక్క వెనక లైటు

స్టూడియో వెనక గది,
జూన్ 4

అత్తయ్యా,

నువ్వు పంపిన రేకు డబ్బా చేరింది. దాని తాడు విప్పడానికి నాకు అరగంట పట్టింది. నువ్వు వేసిన ముడి అంటే ముడే! చివరికి కత్తెరతో కోసేశాను, తిట్టుకోకు.

కొట్టు పైకప్పు కారుతోందని పంపావు సరే, ఇన్ని ఫోటోలు ఇన్నేళ్ళు నీ దగ్గరున్నాయని ఒక్కసారైనా అన్నావా? లెక్కపెట్టాను, నూట పన్నెండు. ఒక్కదాని వెనక కూడా తారీఖు లేదు. మన ఇంట్లో ఎవరికీ పెన్ను మూత తీసే ఓపిక లేదనుకుంటా.

రోజూ ఊళ్ళోవాళ్ళ పాత ఫోటోలు బాగుచేస్తూ కూర్చుంటాను కదా. చెద తిన్న చేతులు, మడతలో పోయిన ముక్కులు, అన్నీ పరాయివాళ్ళవే. ఈసారి మనవాళ్ళవి చేద్దామనిపించింది. అక్టోబరులో అమ్మకి అరవై నిండుతాయి. ఆలోగా వరసగా సంవత్సరాలు వేసి ఒక ఆల్బం కట్టి ఇస్తాను. చిక్కల్లా ఆ సంవత్సరాలతోనే. మనుషుల్ని చూస్తే నాకేం తెలియడం లేదు. చిన్నాన్న అన్ని ఫోటోల్లోనూ ఒకే చొక్కాతో ఉన్నాడు. కానీ చాలావాటిలో వెనకాల ఏదో ఒక కారు ఉంది. నలభై ఏళ్ళుగా స్పేర్ పార్టుల కౌంటరు వెనక నిలబడ్డదానివి, తోక చూస్తే బండి పుట్టిన రోజు చెప్తావు. అందుకే మూడు కాపీలు పంపుతున్నాను. ఫోను చేస్తే కౌంటరు ముందు పదిమంది చెవులు రిక్కిస్తారని విసుక్కుంటావుగా, ఉత్తరమే రాయి.

రెండో దాంట్లో మా డ్రైవరు నాన్న, అదే నీ తమ్ముడు, ఉన్నాడు. నన్ను కారు డిక్కీ మీద కూర్చోబెట్టి పట్టుకున్నాడు. ఈ ఫోటో ఎప్పుడూ చూడలేదు. నాకు నాలుగేళ్ళప్పుడు ఆయన మిల్లు వాచ్‌మన్‌ని కారుతో గుద్ది చంపి, పారిపోతూ వంతెనతో పాటు వరదలో కొట్టుకుపోయాడు. ఆయన గురించి నాకు తెలిసింది ఇంతే. అది కూడా ఇంట్లో ఎవరూ చెప్పలేదు, బళ్ళో పిల్లలు చెప్పారు. ఇందులో మాత్రం నవ్వుతున్నాడు. నన్ను పట్టుకున్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ ఒక్కదానికైనా తేదీ కావాలి నాకు.

నన్ను పెంచిన నాన్న నీకు నమస్కారాలు చెప్పమన్నారు. రిటైరైనా డ్రాయింగు మాస్టారు డ్రాయింగు మాస్టారే. నీ డబ్బా మీది తుప్పు మరక చూసి మేఘంలా ఉందని బొమ్మ గీసుకుంటున్నారు.

నీ పిచ్చుక


కొట్టు మీద గది,
జూన్ 11

పిచ్చుకా,

తాడు కోసేశావా? నీ చేతులకి తొందరెక్కువ. ఆ తాడుకి నీకన్నా వయసెక్కువ.

ఇక బళ్ళు. మొదటి ఫోటో. మీ తాత పక్కన ఉన్నదాన్ని మేం కప్ప అనేవాళ్ళం, ముందు లైట్లు అలా పైకి ఉబ్బి ఉంటాయని. దాని ముందు అద్దం చూడు, మధ్యలో కడ్డీ ఉండి రెండు ముక్కలుగా ఉంది. అరవై రెండు తర్వాత ఒకటే ముక్క వచ్చింది. కాబట్టి అరవై రెండుకి ముందే. మీ తాతకి జుట్టుంది కాబట్టి అరవైకి కూడా ముందే. జుట్టు సంగతి పార్టులు చూసి చెప్పింది కాదులే.

మూడోది మీ చిన్నాన్న పెళ్ళిది. అది వాడి బండి కాదు. రోడ్డు పక్క ఎవరిదో ఆగుంటే పోయి ఆనుకుని నిలబడ్డాడు. బంపరు మీద రబ్బరు బొడిపెలున్నాయి కదా, అవి అరవై తొమ్మిది నుంచి.

రెండో ఫోటోలోది మిల్లు ఓనరు బండి. ఆ మోడల్‌ని అందరూ గుమ్మడికాయ అనేవాళ్ళు. మీ నాన్న అయిదేళ్ళు తోలాడు. డిక్కీ పిడి చూశావా? అది కారు పిడి కాదు. అసలుది విరిగిపోతే, కంపెనీ పిడి వచ్చేలోగా మా ఇంట్లో బీరువా పిడి ఊడదీసి బిగించాడు. ఇత్తడిది, మెలి తిరిగి ఉంటుంది. ఓనరు చూసి నవ్వి ఊరుకున్నాడు. మా బీరువా మాత్రం ఆ రోజు నుంచి చీపురుపుల్లతో తెరుచుకోవాల్సి వచ్చింది.

అది డెబ్భై మూడు. నీకు మూడేళ్ళు. వెనక లైట్లు చూడు, చిన్నగా గుండ్రంగా రూపాయి బిళ్ళల్లా ఉన్నాయి. గుమ్మడికాయకి అవే ఉండేవి. నిలువుగా పొడుగ్గా, పైన నారింజ రంగు గాజుతో ఉండేవి డెబ్భై ఆరులో వచ్చాయి. ఆ మొదటి పెట్టె మా కొట్లో నా చేత్తోనే విప్పాను. గుర్తుపెట్టుకో, మిగతావన్నీ నువ్వే చెప్పేసుకోవచ్చు. మొహాలు మారుస్తారు, చొక్కాలు మారుస్తారు, వెనక లైటు గురించి ఎవడూ ఆలోచించడు.

మీ నాన్న గురించి ఊళ్ళోవాళ్ళు అన్నదంతా మనసులో పెట్టుకోకు.

అత్తయ్య


స్టూడియో వెనక గది,
జూన్ 23

అత్తయ్యా,

నీ పాఠం చదివి నాలుగు రోజుల్లో ముప్ఫై ఫోటోలకి సంవత్సరాలు వేశాను. మా స్టూడియో ఓనరు నన్ను వింతగా చూస్తున్నాడు. నిన్న ఎవరో పెద్దాయన ఫోటో బాగుచేయించుకోవడానికి వస్తే, మొహం చూడకుండా "ఇది అరవై తొమ్మిది తర్వాతదండీ" అన్నాను. పాపం, ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఇవాళ ఇంకోటి దొరికింది. డబ్బా తుడుద్దామని అడుగున పరిచిన కాగితం లాగితే దాని కింద ఉంది. కాగితానికి అంటుకుపోయి ఉంటే ఆవిరి పట్టి తీశాను. చిన్న ఫోటో, ఒక మూల పోయింది. కారు వెనకభాగం కనపడుతోంది. నంబరు ప్లేటు మీద తుడిచే గుడ్డ ఆరేసి ఉంది. పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని వెనక లైటుకేదో బిగిస్తున్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు, గడ్డం అంచు మాత్రం తెలుస్తోంది. వెనక ఏదో రేకుల షెడ్డు. మన ఊరిలా లేదు.

డిక్కీ పిడి మసగ్గా ఉంది కానీ బీరువా పిడి లాగే ఉందే! అదే బండి అయితే ఆ మనిషి డ్రైవరు నాన్నేనా? ఆయనకి గడ్డం ఉండేదా? కాపీ పంపుతున్నాను. ఏ సంవత్సరమో చెప్పు.

నీ పిచ్చుక


కొట్టు,
జూన్ 28

పిచ్చుకా,

చూశాను. అది డెబ్భై మూడులోదే. మీ నాన్న కాదు, ఎవరో మెకానిక్కు. చెడిపోయిన ఫోటో, ఆల్బంలో పెట్టడానికి పనికిరాదు.

అసలుది నాకు పంపెయ్యి. మీ అమ్మకి చూపించకు, ఆ బండి చూస్తే ఊరికే బాధపడుతుంది.

కొట్లో పని ఎక్కువగా ఉంది.

అత్తయ్య


స్టూడియో వెనక గది,
జూలై 3

అత్తయ్యా,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. తాడు కోశానని తిట్టడానికే ఇంతకన్నా ఎక్కువ రాశావు.

ఫోటోని స్కాన్ చేసి పన్నెండింతలు పెంచాను. మూడు రోజులు మధ్యాహ్నం భోజనం మానేసి దాని మీదే కూర్చున్నాను. మరకలు తీసేశాను. ఏదీ కొత్తగా గియ్యలేదు. ఉన్నదే తేటపరిచాను. నా పని నాకు తెలుసు.

పిడి మెలి తిరిగి ఉంది. రెండో ఫోటోలో నా కాలి పక్కన ఉన్న పిడి, ఇది, పక్కపక్కన పెట్టి చూశాను. మెలికలు లెక్కపెట్టాను. రెండింటికీ ఎడమ చివర చిన్న నొక్కు ఉంది. అదే బీరువా పిడి, అదే కారు.

ఇక లైట్లు. కుడిపక్కది రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఉంది. ఎడమపక్కది నిలువుగా, పొడుగ్గా ఉంది. పైన గాజు లేతగా ఉంది, నలుపు తెలుపులో నారింజ అలాగే పడుతుంది. చుట్టూ రేకు ముక్క కోసి అతికించారు, పాత గుండ్రటి కంతకి అది పట్టక. ఆ మనిషి బిగిస్తున్నది దాన్నే.

నిలువు లైటు డెబ్భై ఆరులో వచ్చిందని నువ్వే రాశావు. మొదటి పెట్టె నీ చేత్తో విప్పావు. వరద వచ్చింది డెబ్భై నాలుగులో. రెండేళ్ళ కిందట నది అడుగుకి పోయిన కారుకి ఎవరైనా కొత్త లైటు బిగిస్తారా అత్తయ్యా?

అసలుది పంపను. ముందు నిజం చెప్పు.

పిచ్చుక


స్టూడియో వెనక గది,
జూలై 22

గౌరవనీయులైన అత్తయ్య గారికి,

మీ దగ్గర్నుంచి జవాబు రాక పంతొమ్మిది రోజులైంది. రెండుసార్లు కొట్టుకి ఫోను చేశాను. "అమ్మగారు గోడౌన్లో ఉన్నారు" అన్నారు. రెండోసారి వెనక మీ గొంతు వినపడింది.

నన్ను ఆరో తరగతిలో ఒకమ్మాయి పక్కన కూర్చోనివ్వలేదు. "చంపినవాడి కూతురు" అంది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పలేదు, మీకే చెప్పాను. ఆ సెలవుల్లో మీ కౌంటరు కింద కూర్చుని ఏడిస్తే బోల్టులున్న పెట్టె నా ముందు పెట్టి, సైజుల వారీగా ఏరమన్నారు. అది ఏరుతూ ఏడుపు మర్చిపోయాను. మీరంటే నాకు అంత నమ్మకం. ఆ రోజుకే మీకు అంతా తెలుసన్నమాట.

ఆదివారం దాకా చూస్తాను. ఈలోగా మీ ఉత్తరం రాకపోతే ఈ ఫోటో తీసుకెళ్ళి అమ్మ ముందు పెడతాను. నాకు తెలియని జవాబులు ఆవిడకైనా తెలుసేమో అడుగుతాను.

ఇట్లు,
మీ మేనకోడలు


గోడౌన్,
జూలై 25

పిచ్చుకా,

నన్ను మీరు అన్నావు. నా తల తీసేసినట్టయింది. ఇంకోసారి అనకు, తిట్టాలంటే నువ్వు అనే తిట్టు.

మీ అమ్మకి తెలీదు. అది ముందు రాస్తున్నాను. ఆవిణ్ణేమీ అడగకు.

వాచ్‌మన్‌ని గుద్దింది మీ నాన్న కాదు. ఆ రోజు సాయంత్రం మిల్లు ఓనరు అల్లుడు తాళాలు లాక్కుని తనే బండి తీశాడు. గేటు దగ్గర వెనక్కి తోలుతూ వాచ్‌మన్‌ని గోడకి నొక్కేశాడు. ఎడమపక్క లైటు పగిలింది అప్పుడే. మీ నాన్న అక్కడే టీ తాగుతున్నాడు. గంటలో ఓనరు పిలిచి, నేను తోలానని చెప్పు, నీ ఇల్లు నేను చూసుకుంటాను అన్నాడు. మీ నాన్న ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు. బండి కడిగి తెమ్మంటే బయటికి తీసి, అలాగే పోనిచ్చేశాడు. అవతలి ఊరి పోలీసు స్టేషన్లో బండితో సహా నిలబడి జరిగింది చెప్పాలని. మిల్లున్న ఊరి స్టేషన్ ఓనరు చెప్పుచేతల్లో ఉండేది.

వంతెన దాటిన కాసేపటికే అది కూలింది. వాడు దాటాడు. దాటాక స్టేషన్ ముందు బండి ఆపి కూర్చున్నాడు. కూర్చున్నవాడు దిగలేదు. భయం. తన మాటెవడు నమ్ముతాడని. అక్కణ్ణుంచి ఎటు తోలాడో వాడికే గుర్తు లేదు. వారం తర్వాత పేపర్లో తను చచ్చిపోయినట్టు చదువుకున్నాడట. గుద్దింది కూడా తనే అని. చచ్చినవాడి మీద కేసుండదు, పెళ్ళాం జోలికి ఎవరూ పోరు, కొన్నాళ్ళాగి వెళ్దాం అనుకున్నాడు. రెండుసార్లు ఉత్తరం రాసి చించేశాడట. పోలీసుల చేతిలో పడితే మీ అమ్మని పీడిస్తారని భయమన్నాడు. అది సగం నిజం. మిగతా సగం సిగ్గు. వాణ్ణి వెనకేసుకు రావడం లేదు నేను.

ఇదంతా నాకప్పుడు తెలీదు. నేనూ వాడు పోయాడనే ఏడ్చాను. మీ అమ్మ ఆ ఊళ్ళో తలెత్తుకుని నడవలేకపోతుంటే, డ్రాయింగు మాస్టారి సంబంధం తెచ్చింది నేనే. డెబ్భై అయిదు ఏప్రిల్లో పెళ్ళి. నువ్వు ఆయన భుజమెక్కి కూర్చున్నావు.

డెబ్భై ఆరు ఆగస్టులో ఒక మధ్యాహ్నం కౌంటరు ముందు ఎవరో గడ్డం మనిషి. "గుమ్మడికాయకి ఎడమ పక్క వెనక లైటు కావాలి" అన్నాడు. నేను తలెత్తకుండానే "గుండ్రటివి రావడం ఆగిపోయింది, నిలువుదే ఉంది" అన్నాను. "ఏదైనా సరే అక్కా" అన్నాడు.

కౌంటరు దగ్గరికొచ్చే ప్రతివాడూ నన్ను అక్కా అంటాడు. కానీ ఆ పిలుపుకి నా చేతిలో పెట్టె జారిపోయింది.

గోడౌన్లోకి తీసుకెళ్ళాను. మీ అమ్మ ఎలా ఉందన్నాడు. చెప్పాను. పెళ్ళయిందని, కడుపులో ఏడో నెల అని, నువ్వు మాస్టారిని నాన్నా అంటున్నావని. వాడు అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. "ఆమెనొక్కసారి అడగవా అక్కా? తను ఎలా అంటే అలా" అన్నాడు.

"అడగను" అన్నాను. "నువ్వు పోయావు. పోయినవాడివి పోయినట్టే ఉండు."

లైటు కాగితంలో చుట్టిచ్చాను. తీసుకుని వెళ్ళిపోయాడు. నెల తర్వాత ఈ ఫోటో పోస్టులో వచ్చింది, ఒక్క ముక్క రాయకుండా. లైటు బాగానే పట్టిందని చెప్పడానికి కాబోలు. చింపలేక డబ్బా అడుగు కాగితం కింద దాచాను, దాచిన చోటే మర్చిపోయాను.

ఆరోజు నేను చేసింది తప్పో ఒప్పో ముప్ఫై రెండేళ్ళుగా తేల్చుకోలేకపోయాను. నీ తమ్ముడి మొహం చూసినప్పుడల్లా ఒప్పనిపించేది. నువ్వు బోల్టులేరుతూ ఏడ్చిన రోజు తప్పనిపించింది.

మీ అమ్మకి చెప్పకు. నన్ను కావలసినంత తిట్టు.

అత్తయ్య


స్టూడియో వెనక గది,
జూలై 29

అత్తయ్యా,

ఉన్నాడా? ఈ ఒక్కటి ఎందుకు రాయలేదు?

పిచ్చుక


కొట్టు,
ఆగస్టు 2

ఉన్నాడు.

బస్సులో నాలుగు గంటల దూరం. డ్రైవింగు నేర్పే స్కూలు పెట్టుకున్నాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఏడాదికోసారి ఏదో ఒక పార్టు కావాలని వస్తాడు. పార్టు వంక, నీ సంగతి అడగడానికి. నీ పదో తరగతి మార్కులు దగ్గర్నుంచి వాడికన్నీ తెలుసు. పోయినేడాది వచ్చినప్పుడు మెట్లెక్కలేకపోయాడు. గుండె బాగాలేదు.

అడ్రసు ఈ కాగితం వెనక ఉంది. ఇక నీ ఇష్టం.


ఇంట్లో, నాన్న బల్ల దగ్గర,
ఆగస్టు 11

అత్తయ్యా,

అమ్మకి చెప్పేశాను.

నువ్వు వద్దన్నావు. వారం రోజులు నేనూ వద్దనుకున్నాను. అడ్రసు పర్సులో పెట్టుకుని తిరిగాను. అమ్మ వడ్డిస్తుంటే తల దించుకుని తిన్నాను. నిన్న ఆవిడే అడిగింది, "నాకేం రోగం వచ్చిందే? డాక్టరు నీకేమైనా చెప్పాడా? నా మొహం చూడవేం?" అని. తను చచ్చిపోతోందనుకుంటోంది అత్తయ్యా! అప్పుడర్థమైంది, దాచడమంటే ఇలా ఉంటుందని. నువ్వు ముప్ఫై రెండేళ్ళు ఎలా మోశావో నాకు తెలీదు.

ఆదివారం పొద్దున. నాన్న ఇదే బల్ల దగ్గర పెన్సిళ్ళు చెక్కుతున్నారు. ఆయన కూడా వినాలనిపించి ఇద్దరి ముందూ ఫోటో పెట్టి నీ ఉత్తరం చదివాను. మధ్యలో ఆపలేదు.

అమ్మ లేచి వెళ్ళి స్టవ్వు ఆపొచ్చింది. కూర్చుంది.

"ఏ నెలన్నావు?"

"ఆగస్టు."

వేళ్ళు ముడిచి ఏదో లెక్క చూసుకుంది. "అప్పుడు వారానికోసారి వచ్చేది మీ అత్తయ్య, నాకు పళ్ళు తీసుకుని. ఒక వారం రాలేదు. జ్వరమంది" అంది.

నాన్న చేతిలో పెన్సిలు కింద పెట్టి లేవబోయారు. ఎక్కడికని కాదు, ఆ గదిలోంచి తనే పోవాలేమో అన్నట్టు. అమ్మ ఆయన వైపు చూడకుండానే, "మీరెక్కడికీ పోనక్కర్లేదు. కూర్చోండి" అంది. కూర్చున్నారు. పెన్సిలు మాత్రం మళ్ళీ పట్టుకోలేదు.

నేను, "అడిగుంటే ఏమనేదానివమ్మా?" అన్నాను. అడగకూడదేమో. ఆగలేకపోయాను.

"తెలీదే. నిజంగా తెలీదు. కానీ ఆ తెలీకపోవడం నాది. కిందా మీదా పడి నేనే ఏడ్చి తేల్చుకోవాల్సింది. దాన్ని మీ అత్తయ్య తీసేసుకుంది" అంది.

అరవలేదు. అరిచుంటే బాగుండేది.

నేను అడ్రసు తీసి, వెళ్దామా అన్నాను. అప్పుడు లేచింది కోపం.

"నేనెందుకెళ్తాను? ఆయన రావాల్సింది కూడా నా దగ్గరికి కాదు" అంది. వరద తగ్గిన నాలుగో రోజు వాచ్‌మన్ భార్య మన గుమ్మంలోకొచ్చి నిలబడిందట, కూతుర్ని చంకనేసుకుని. తిడుతుందనుకుని అమ్మ తలుపు చాటున నిలబడింది. ఆవిడ తిట్టలేదట. "గుద్దాక మీ ఆయన ఒక్కసారి దిగి చూశాడా అమ్మా? మా ఆయన ఏమన్నా అన్నాడా?" అని అడిగిందట. అమ్మ దగ్గర జవాబు లేదు. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయిందట. "ఊరు మారాను, ఇల్లు మారింది, ఆవిడ మాత్రం నా గుమ్మంలోంచి కదల్లేదే" అంది అమ్మ. ఈ మాట నాన్నకి కూడా ఇన్నాళ్ళు చెప్పలేదట.

"ఆవిడ అడిగినదానికి జవాబు ఆయన దగ్గరుంది. ముందు అక్కడికెళ్ళి చెప్పమను. మీ అత్తయ్యని వెంట వెళ్ళమను. దాచినవాళ్ళిద్దరూ కలిసి వెళ్ళాలి. ఆ తర్వాత నాకేం అనిపిస్తుందో అప్పుడు చూస్తాను."

ఇవి అమ్మ మాటలు. ఉన్నవున్నట్టు రాశాను. ఆ వాచ్‌మన్ భార్య బతికే ఉందో లేదో, నీకు తెలిసే ఉంటుంది.

పిచ్చుక


కొట్టు మీద గది,
సెప్టెంబరు 9

పిచ్చుకా,

వెళ్ళొచ్చాం.

మీ అమ్మ మాట వాడికి చదివి వినిపించాను. స్కూలు ముందు బెంచీ మీద కూర్చుని విన్నాడు. లోపల ఎవరికో గేర్లు నేర్పుతుంటే బండి తెగ గింజుకుంటోంది. "రేపే వెళ్దాం అక్కా. ఎల్లుండికి నాకు ధైర్యం ఉండదు" అన్నాడు. వాడి గురించి వాడికి బాగా తెలుసు.

మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళయింది, ఆ అల్లుడు పోయి పదేళ్ళు. ఓనరూ లేడు. నిజం చెప్తే జైలుకి పంపడానికి ఎవరూ మిగల్లేదు. వీడొక్కడే మిగిలాడు. రాయి పడినా కర్ర పడినా వీడి మీదే పడాలి, పక్కన నేను.

వాచ్‌మన్ భార్య కూతురి దగ్గరుంటోంది. రెండు గదుల ఇల్లు, రోడ్డు మీదికే గుమ్మం. ముసలావిడ గుమ్మం బయట కుర్చీలో ఎండకి కూర్చుని ఉంది. కూతురు కుట్టుమిషన్ మీద ఉంది. వీడు పేరు చెప్పాడు. తన అసలు పేరు. ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత ఆ పేరు వాడి నోట విన్నాను. కూతురి కాలు మిషన్ మీద ఆగిపోయింది.

"చచ్చిపోయాడన్నారుగా" అంది.

"అన్నారు. నేనూ కాదనలేదు" అన్నాడు.

జరిగింది చెప్పాడు. మెల్లగా, నేల చూస్తూ. అంతా అయ్యాక కూతురు కత్తెర పక్కన పెట్టి, "నాకు చెప్తే ఏం లాభం? అడిగింది మా అమ్మ. ఆవిడకి చెవుడు. గట్టిగా చెప్పాలి" అంది.

బయట, రోడ్డు మీద చెప్పాలి పిచ్చుకా. ఎదురింటివాళ్ళు బట్టలారేస్తున్నారు. సైకిలు షాపు ముందు నలుగురున్నారు. లోపలికి తీసుకెళ్దామా అన్నాను నేను. కూతురు నా వైపు చూసింది చూడు, నేనే పక్కకి తప్పుకున్నాను.

వీడు కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటిసారి చెప్తే ఆవిడకి వినపడలేదు. "ఆఁ?" అంది. రెండోసారి గొంతెత్తాడు. అప్పుడూ వినపడలేదు. మూడోసారి అరిచాడు.

"బండి తోలింది నేను కాదమ్మా! ఓనరు అల్లుడు! నాకు తెలుసు! తెలిసి పారిపోయాను!"

బట్టలారేసేవాళ్ళ చేతులు ఆగాయి. సైకిలు షాపులోంచి ఇద్దరు రోడ్డు మీదికొచ్చారు. ముసలావిడ వీడి మొహం పట్టుకుని ఎత్తి చూసింది. చూపు బాగానే ఉంది ఆవిడకి.

"నువ్వక్కడున్నావా?"

"ఉన్నాను! చప్పుడు విని పరిగెత్తాను! తల నా ఒళ్ళో పెట్టుకున్నాను!"

"ఏమన్నాడు?"

"నీళ్ళడిగాడు! టీ కొట్టులోంచి తెచ్చి పట్టాను! రెండు గుక్కలు తాగాడు!"

"ఇంకా?"

"గేటు తాళం చొక్కా జేబులో ఉంది, ఎవరికైనా ఇమ్మన్నాడు! అంతే అమ్మా! ఇంకేం అనలేదు!"

ఆవిడ కూతురి వైపు తిరిగి, "నీళ్ళు తాగాడటే" అంది. మళ్ళీ, "తాళం గురించి చెప్పాడట. మీ నాన్నే. ఆయనే అంటాడు అలాంటి మాట" అంది. ఇంకెవరూ అక్కడ లేనట్టు వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు.

క్షమించానని ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు. లేవబోతుంటే కూతురు వీడితో, "ముప్ఫై ఏళ్ళు మా అమ్మ ఆయన దాహంతో పోయాడనుకుంది. రోజూ రెండు పూటలా గ్లాసు చేతిలో పట్టుకున్నప్పుడల్లా అనుకుంది. ఒక కార్డు ముక్క రాయలేకపోయావా?" అంది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

బస్సు కోసం నిలబడ్డాం. వాడి చెయ్యి పట్టుకున్నాను. పిచ్చుక నన్ను చూస్తుందా అని అడిగాడు. నేను చెప్పలేనన్నాను. ఇంకెవరి జవాబూ నేను చెప్పనని ఒట్టేసుకున్నాను.

మీ అమ్మకి ఇది మొత్తం చదివి వినిపించు. నా తరఫున ఏమీ అడగకు. నన్ను రమ్మంటే వస్తాను. వద్దంటే ఎందుకని అడగను.

అత్తయ్య


ఇంట్లో,
సెప్టెంబరు 16

అత్తయ్యా,

చదివాను. గేటు తాళం దగ్గర అమ్మ ఆపమంది. అక్కణ్ణుంచి మళ్ళీ చదవమంది. మూడోసారి తనే కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. నాన్న వెనకాలే వెళ్ళి పక్కన కూర్చున్నారు. నేను లోపలే ఉండిపోయాను.

వచ్చే ఆదివారం నేనొక్కదాన్నే బస్సెక్కుతున్నాను. తమ్ముడు తోడొస్తానన్నాడు, వద్దన్నాను. ఆయన్ని ఏమని పిలవాలో ఇంకా తేలలేదు. నాకు కోపం పోలేదు, పోవాలని కూడా లేదు. అయినా వెళ్తాను. వంతెన దాటాక తిరిగి రాని ఆ రెండేళ్ళ సంగతి ఆయన నోటితో వినాలి నేను.

నీ సంగతి అడగొద్దన్నావు, అడగలేదు. నిన్న అన్నం తింటూ అమ్మే ఎత్తింది. "మీ అత్తయ్య ఎప్పుడొస్తుందట?" అంది.

"నువ్వు రమ్మంటే వస్తానంది" అన్నాను.

"నేను రమ్మనను" అంది. కంచం పక్కకి జరిపింది. "వస్తే రానీ. తలుపు మాత్రం నువ్వే తియ్యాలి. నేను లేవను" అంది.

శనివారం నాకు సెలవు అత్తయ్యా. ఇంట్లోనే ఉంటాను.

నీ పిచ్చుక